కొత్త ఆటగాడికి గడప ఎంత ఎత్తుండాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: స్ట్రాటజీ గేముల మెనూలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. స్ట్రాటజీ గేములు, అంటే వ్యూహం పన్ని గెలవవలసిన ఆటలు, ఆడాలని ముచ్చటపడి, మొదటి పావుగంటలోనే తెర మీది బటన్లను చూసి విరమించుకున్నవారు కొందరు రాశారు. అలాంటి ఆటలను తామే తయారు చేస్తూ, జనం వాటిని ఆరంభంలోనే ఎందుకు వదిలేస్తున్నారో అంతుపట్టనివారు మరికొందరు రాశారు. అందుకని ఈసారి పేజీలన్నీ మెనూలకే కేటాయించి, ఆరు ప్రశ్నలు ఎంచుకున్నాను.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ఫోన్ కోసం ఒక స్ట్రాటజీ గేమ్ తయారు చేస్తున్నాను. ఆటగాళ్లు వంతులవారీగా ఆడతారు. చెరువులు తవ్వించడం, పంటలు, పన్నులు, సైన్యం, పొరుగు రాజ్యాలతో సంధి అన్నీ ఉన్నాయి. ‘కొత్త ఆట’ నొక్కగానే రాజ్యం, మ్యాపు రకం, మ్యాపు పరిమాణం, ఆట వేగం, కష్టం స్థాయి, ప్రత్యర్థుల సంఖ్య, వాతావరణం, గెలుపు షరతులు అని ఎనిమిది ఎంపికలు వస్తాయి. ఆట లోపల తెర అడుగున 11 బటన్లు ఉన్నాయి. ఆడి చూడమని ఇచ్చిన బంధుమిత్రుల్లో సగం మంది మొదటి వంతు కూడా పూర్తి చేయలేదు. బటన్లు తగ్గించమని అందరూ అంటున్నారు. తగ్గిస్తే ఆటలో లోతు పోతుందని నా భయం. ఏం చేయమంటారు?

జవాబు: బటన్లు తగ్గించమన్న సలహాతో నేను పూర్తిగా ఏకీభవించను. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఆట లోపలి 11 బటన్ల దాకా రాకముందే, వాకిట్లో నిలబెట్టి అడిగిన ఎనిమిది ప్రశ్నలు మీ మిత్రులను వెనక్కి పంపాయనిపిస్తోంది. ఆట వేగం ఎంత ఉంటే బాగుంటుందో ఆడినవారికి తెలుస్తుంది. ఇంకా అడుగే పెట్టనివారికి ఎలా తెలుస్తుంది? భోజనానికి వచ్చిన అతిథిని పులుసులో చింతపండు ఎంత వేయమంటారని అడిగినట్టుంది ఇది. అడగడం మర్యాదే కావచ్చు గాని, జవాబు ఆయన దగ్గర ఉండదు.

1991లో మొదలైన సివిలైజేషన్ అనే స్ట్రాటజీ గేముల వరుసలో ఆరవ ఆట 2016లో వచ్చింది. అందులో ఒక్కరే ఆడుకునే విభాగంలోకి వెళ్తే ‘ప్లే నౌ’, ‘క్రియేట్ గేమ్’ అనే బటన్లు విడివిడిగా కనిపిస్తాయి. మొదటిది నొక్కితే ఏమీ అడగకుండా ఆట మొదలవుతుంది. రెండవది నొక్కితే నాయకుడు, కష్టం స్థాయి, వేగం, మ్యాపు రకం, మ్యాపు పరిమాణం అడుగుతుంది. అంతకుమించి మార్చుకోవాలనుకునేవారికి ‘అడ్వాన్స్‌డ్ సెటప్’ అనే మరో తలుపు లోపల ఉంటుంది. ఎంపికల్లో ఒక్కటీ పోలేదు, అయినా కొత్తగా వచ్చినవారు వాటిలో దేనికీ జవాబు చెప్పకుండానే ఆటలో ఉంటారు. మీరు మొదట చేయవలసిన పని ఇదే: ఎనిమిదింటికీ మీరే మంచి విలువలు ఎంచి పెట్టి, ‘ఆడదాం’ అనే ఒక్క పెద్ద బటన్ వెనుక దాచండి. ఆ విలువలు ఎంచడానికి కొంత సమయం వెచ్చించండి, ఎందుకంటే ఎక్కువమంది ఆడేది మీరు ముందే ఎంచి పెట్టిన ఆటనే. చిన్న మ్యాపు, ఇద్దరే ప్రత్యర్థులు, పక్కనే నీళ్లున్న నేల ఇచ్చారంటే మొదటి ఆట సాఫీగా నడుస్తుంది.

అదే సివిలైజేషన్‌లో నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. కష్టం స్థాయిలు ఎనిమిదింటికి సెట్లర్, చీఫ్‌టన్, వార్‌లార్డ్, ప్రిన్స్, కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, డైటీ అని పేర్లు పెట్టారు. ప్రిన్స్ అంటే ఆటగాడికి గాని కంప్యూటర్‌కు గాని అదనపు వెసులుబాటు లేని స్థాయి అని పాతకాపులకు తెలుసు. కొత్తవారికి అది వట్టి బిరుదు. వేగం సంగతీ అంతే. స్టాండర్డ్ అంటే 500 వంతులు, మారథాన్ అంటే 1500 వంతులు, కాని 500 వంతులంటే ఎన్ని గంటలో, ఎన్ని రోజులో మొదటిసారి ఆడేవారు అంచనా వేయలేరు. మీరు కష్టం స్థాయిల దగ్గర ‘మొదటిసారి ఆడుతున్నాను’, ‘ఇలాంటివి ఆడాను’, ‘గట్టి పోటీ కావాలి’ అని రాయండి. వేగం దగ్గర ‘ఒక సాయంత్రంలో అయిపోతుంది’, ‘వారం పాటు సాగుతుంది’ అని రాయండి. ఆటగాడు తన గురించి తాను చెప్పగలిగిన జవాబునే అడగాలి గాని, మీ ఆట గురించి చెప్పవలసిన జవాబును అడగకూడదు.

ఇక లోపలి 11 బటన్లు. వీటిని చూసినవారి మనసులో ‘ఇప్పుడు నేనేం చేయాలి?’ అన్న ఒకే ప్రశ్న ఉంటుంది, మీ తెర మాత్రం ‘నువ్వు చేయగలిగినవి ఇవి’ అని జాబితా చూపిస్తోంది. సివిలైజేషన్ ఐదు, ఆరులలో కుడివైపు అడుగున ఉండే బటన్ ఈ ప్రశ్నకు చక్కని జవాబు. నగరంలో ఏం కట్టాలో చెప్పలేదనుకోండి, దాని మీద నిర్మాణం ఎంచుకోమని ఉంటుంది. పరిశోధన ఖాళీగా ఉంటే అది ఎంచుకోమంటుంది. దళం ఏదైనా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంటే దాని దగ్గరికి తీసుకుపోతుంది. చేయవలసినవన్నీ అయ్యాకే ‘నెక్స్ట్ టర్న్’గా మారుతుంది. కొత్త ఆటగాడు మిగతా తెరనంతా పట్టించుకోకపోయినా, ఆ ఒక్క బటన్ నొక్కుకుంటూ పోతే మొదటి 20 వంతులు తప్పిపోకుండా గడిపేస్తాడు. అనుభవజ్ఞుడికీ అది అడ్డం కాదు. మీ 11 బటన్లకు ఇలాంటి పన్నెండోదాన్ని చేర్చితే ఆట సులువవుతుందంటే మీ మిత్రులు నమ్మకపోవచ్చు, మీరు మాత్రం చేర్చి చూడండి.

మిగిలిన 11లో కొన్నింటికి అసలు మెనూలో చోటు అవసరమా అని కూడా ఆలోచించండి. 1992లో వచ్చిన డ్యూన్ 2లో ఒక దళాన్ని కదిలించాలంటే ముందు దాన్ని ఎంచుకుని, తెర పక్కన ఉన్న కదలిక బటన్ నొక్కి, ఆ తర్వాత వెళ్లవలసిన చోటు చూపించాలి. డ్యూన్ 2ను తయారుచేసిన సంస్థే 1995లో తెచ్చిన కమాండ్ అండ్ కాంకర్‌లో దళాన్ని ఎంచుకుని ఖాళీ నేల మీద నొక్కితే కదులుతుంది, శత్రువు మీద నొక్కితే దాడి చేస్తుంది, మౌస్ బాణం గుర్తు ముందుగానే ఆకారం మార్చుకుని ఏం జరగబోతోందో చెబుతుంది. అంటే క్రియాపదం మెనూలోంచి లేచి వచ్చి మ్యాపు మీద కూర్చుంది. మీ ఆటలోనూ ‘కదులు’, ‘దాడి’, ‘సాగుచేయి’ లాంటివి అలా గడి మీదికి పోగలిగినవే.

మన పులి-మేక ఆట గుర్తు చేసుకోండి. మూడు పులులు, 15 మేకలు, అరుగు మీద గీసిన గీతలు. ఎక్కడికి కదలవచ్చో గీతే చెబుతుంది కాబట్టి చిన్నపిల్లలు కూడా పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటారు, అయినా గెలవడం మాత్రం పెద్దవాళ్లకు కూడా కష్టం. లోతు పోతుందన్న మీ భయానికి అంతకన్నా మంచి సమాధానం నా దగ్గర లేదు.

రెండు జాగ్రత్తలు. అవసరం లేని బటన్లను మొదట్లో దాచి, తర్వాత ఒక్కొక్కటే బయటపెట్టడం మంచి పద్ధతే, కాని కొత్తది వచ్చినప్పుడల్లా పాతవి జరిగిపోతే వేలికి అలవాటైన చోటు తప్పిపోతుంది. దేని చోటు దానికి మొదటి నుంచీ ఖాళీగా ఉంచండి. రెండవది, పని చేయని బటన్‌ను బూడిద రంగులో చూపి ఊరుకోవద్దు. దాని మీద వేలు పెడితే ‘చెరువు తవ్వాలంటే 40 వరహాలు కావాలి, ఖజానాలో 25 ఉన్నాయి’ అని కారణం చెప్పాలి. కారణం చెప్పని బూడిద బటన్‌ను చూసి కొత్తవారు ఆట చెడిపోయిందనుకుంటారు.

వెనక్కి తీసుకునే వీలు కూడా ఇవ్వండి. 2018లో వచ్చిన ఇన్‌టు ద బ్రీచ్‌లో శత్రువు తన తర్వాతి దెబ్బ ఎక్కడ వేయబోతున్నాడో 8×8 గడుల పలక మీద ముందే కనిపిస్తుంది. దళాన్ని కదిలించాక దాడి చేయకముందు ఆ కదలికను రద్దు చేసుకోవచ్చు. ఒక్కో పోరులో ఒక్కసారి మొత్తం వంతునే మొదటికి తిప్పుకోవచ్చు. పొరపాటున నొక్కితే కొంప మునగదని తెలిసిన ఆటగాడు ధైర్యంగా అన్ని బటన్లూ నొక్కి చూస్తాడు, మీరు రాసే ఏ వివరణా అంత బాగా నేర్పలేదు.

ఈ మార్పులయ్యాక, ఆటను ఎన్నడూ చూడనివారిని ఐదుగురిని, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఆడించండి. మీరు వెనక కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ప్రతి బటన్ నొక్కేముందు ఏమవుతుందనుకుంటున్నారో పైకి చెప్పమనండి. వాళ్లు చెప్పినదీ జరిగినదీ ఎక్కడ తేడా పడిందో అక్కడ మీ మెనూను మార్చాలి. బంధువులను కూర్చోబెడితే మొహమాటానికి బాగుందంటారు కనుక, వీలైతే పరిచయం లేనివారిని వెతకండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు): బ్యాంకు ఉద్యోగం నుంచి ఇటీవలే పదవీ విరమణ చేశాను. చరిత్ర మీద ఆసక్తి ఉందని మా అబ్బాయి కంప్యూటర్‌లో క్రూసేడర్ కింగ్స్ 3 పెట్టిచ్చాడు. తెర తెరవగానే తల తిరిగింది. ఒక మాట మీద మౌస్ పెడితే పెట్టె తెరుచుకుంటుంది, ఆ పెట్టెలో మరో మాట, దానికి మరో పెట్టె. నాలాంటివాడు దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీకు తల తిప్పిన ఆ పెట్టెలే మీకు మేలు చేయడానికి పెట్టినవి. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2020లో ఈ ఆటను తెచ్చింది. వారి పాత ఆటల్లో ఒక పారిభాషిక పదం అర్థం కాకపోతే ఆటను ఆపి, ఇంటర్నెట్‌లో వెతుక్కోవలసి వచ్చేది. ఇందులో ఏ పదానికి రంగు ఉందో దాని అర్థం అక్కడికక్కడే తెరుచుకుంటుంది, ఆ అర్థంలో మరో కష్టమైన పదముంటే దాని అర్థమూ అందులోంచే తెరుచుకుంటుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడానికీ, ప్రతి పదం కిందనే అర్థం రాసి ఉన్న పుస్తకం చదవడానికీ ఉన్న తేడా ఇది. పెట్టెలు మరీ తొందరగా తెరుచుకుంటూ చికాకు పెడితే, అవి ఎలా నిలిచి ఉండాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

అయితే ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది, మీరు దాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. ఒక పదం అర్థం తెలుసుకోవడానికి మరో ఐదు పదాలు తెలియాలంటే, అర్థం చెప్పినట్టే ఉంటుంది గాని చెప్పినట్టు కాదు. అందువల్ల ఒక నియమం పెట్టుకోండి: రెండో పెట్టె దాటి లోపలికి పోవద్దు. ఆ స్థాయిలోనూ బోధపడకపోతే, ఆ విషయం ఈరోజుకు మీకు అవసరం లేనిదని వదిలేయండి. నిజంగా అవసరమైతే అదే మళ్లీ ఎదురవుతుంది.

ఆడటం నేర్పే ట్యుటోరియల్‌తోనే మొదలుపెట్టండి. అది 1066లో ఐర్లాండ్‌లోని మన్‌స్టర్ అనే చిన్న రాజ్యంలో నడుస్తుంది. పెద్ద సామ్రాజ్యాలకు దూరంగా, చిన్న చిన్న రాజ్యాల నడుమ ఉన్న ద్వీపం కావడం వల్ల అక్కడ తప్పులు చేసినా కోలుకునే అవకాశం ఎక్కువ. గడియారాన్ని ఆపి ఉంచే అలవాటు చేసుకోండి; ఆగిన కాలంలో కూడా అన్ని కిటికీలు తెరిచి చదువుకోవచ్చు, ఆజ్ఞలు ఇవ్వవచ్చు. మొదటి రెండు రోజులు మూడు విషయాలే చూడండి: మీ రాజుకు పెళ్లి అయిందా, వారసుడు ఎవరు, మంత్రిమండలిలో ఎవరెవరు ఏ పని మీద ఉన్నారు. కుడివైపు నిలువుగా ఉన్న మిగతా గుర్తులను ఉన్నట్టే మరిచిపోవచ్చు. ఆట పై భాగంలో, మీరిప్పుడు పట్టించుకోదగ్గ సంగతులను సూచనలుగా చూపే చోటు ఒకటి ఉంది. ఏమీ తోచనప్పుడు అక్కడికి వెళ్లండి.

ఇదే సంస్థ 2022లో తెచ్చిన విక్టోరియా 3లో ఇంకో అడుగు ముందుకు వేశారు. నేర్చుకునే దశలో ఒక పని అప్పగించినప్పుడు, అది ఎలా చేయాలో చెప్పమనడానికి ఒక బటన్, ఎందుకు చేయాలో చెప్పమనడానికి మరో బటన్ వేరువేరుగా ఉంటాయి. ఎలా అన్నది తెలిసి, ఎందుకన్నది తెలియక ఆగిపోయేవారే ఈ ఆటల్లో ఎక్కువని నా అభిప్రాయం. ఆటలు తయారుచేసే పాఠకులు ఈ ఏర్పాటును తప్పక చూడాలి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని): మెనూలో ఏడు అంశాలకు మించి ఉండకూడదని, మనిషి మెదడు అంతకన్నా పట్టుకోలేదని మా పాఠంలో చెప్పారు. నిజమేనా?

జవాబు: ఆ ఏడు అన్న సంఖ్య 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆయన మాట్లాడింది మనిషి ఒకసారి విని లేదా చూసి కాసేపు మనసులో నిలుపుకోగలిగిన వాటి గురించి. మెనూ కళ్లెదుటే ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోవలసిన పని లేదు కనుక ఆ లెక్క దానికి వర్తించదు. సరిగ్గా విభాగాలు చేసి, ఒకే తరహావి ఒక చోట పెడితే 20 అంశాల మెనూ కూడా ఇబ్బంది పెట్టదు. అడ్డదిడ్డంగా పెట్టిన ఐదు కూడా తికమక పెట్టగలవు.

జ్ఞాపకం నిజంగా దెబ్బతినేది మరో చోట. ఈటె దళం బలమెంతో ఒక కిటికీలో చదివి, దాన్ని మూసి, విలుకాళ్ల బలమెంతో మరో కిటికీలో చదివి, రెండింటినీ మనసులో పోల్చుకోమంటారు చూడండి, అక్కడ మిల్లర్‌ను తలుచుకోవాలి. పోల్చవలసినవి పక్కపక్కన చూపాలి. ఫోన్‌లో మౌస్ ఉండదు కనుక వేలు అదిమి పట్టుకుంటే వివరణ వచ్చేలా చేస్తారు. వేలు తీయగానే అది మాయమైతే మళ్లీ అదే కష్టం. మరోచోట నొక్కేదాకా అది నిలిచి ఉండాలి. అంకెలు తగ్గించి తెరను ఖాళీగా ఉంచినంత మాత్రాన కొత్తవారికి సులువు కాదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన సివిలైజేషన్ 7 తెరల మీద ఆటగాళ్ల నుంచి వచ్చిన విమర్శల్లో ముఖ్యమైనది, కావలసిన సమాచారం కావలసిన చోట కనిపించడం లేదన్నదే. తయారీదారులు దాన్ని అంగీకరించి తర్వాతి అప్‌డేట్లలో సవరణలు చేస్తూ వచ్చారు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు): ట్యుటోరియల్‌ను తప్పనిసరి చేయాలా, వద్దా?

జవాబు: వద్దు. దాటవేసే బటన్ మొదటి తెర మీదే ఉండాలి, దాటవేసినవారు తర్వాత ఎప్పుడైనా తిరిగి రాగలగాలి. కాని ట్యుటోరియల్ కూడా ఒక ఆటలా ఉంటే ఈ ప్రశ్నే రాదు. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో స్కాట్లండ్ వీరుడు విలియం వాలెస్ కథగా ఏడు ఘట్టాలున్నాయి. మొదటిదాంట్లో సైనికులను నడిపించడం, పోరాడించడం తప్ప మరేమీ లేదు. రెండవదాంట్లో సైన్యానికి తిండి సమకూర్చడం, ఆ తర్వాత సైనికులను తయారు చేయడం, ఇలా ఒక్కో ఘట్టం ఒక్కో ప్యానెల్‌ను పరిచయం చేస్తుంది. నేర్చుకుంటున్నామన్న స్పృహ లేకుండా పిల్లలు దాన్ని కథగా ఆడేసేవారు. తెర అంతా నల్లగా చేసి, ఒక బటన్ చుట్టూ మాత్రం వెలుగు పెట్టి, దాన్ని నొక్కేదాకా కదలనివ్వని ట్యుటోరియళ్లు వేలికి నేర్పుతాయి, మనిషికి నేర్పవు.

ప్రశ్న (అమెరికాలోని డాలస్ నుంచి ఒక పాఠకురాలు): ఒక ఉచిత స్ట్రాటజీ గేమ్ మెనూలను మా పిల్లల కోసం తెలుగులోకి మారుస్తున్నాను. మూడు చిక్కులు వచ్చాయి. ఏ మాటలు తెలుగు చేయాలో, ఏవి అలాగే ఉంచాలో తెలియడం లేదు. బటన్లలో అక్షరాలు తెగిపోతున్నాయి. కొన్ని వాక్యాలు వింతగా వస్తున్నాయి. సలహా ఇవ్వగలరా?

జవాబు: కొత్తవారికి ఆటను దగ్గర చేసే పనుల్లో మీరు చేస్తున్నది చాలా పెద్దది, అమ్మా. మాటల సంగతి ముందు చూద్దాం. ఫోన్ వాడే ప్రతి ఒక్కరికీ ‘సెట్టింగ్స్’ తెలుసు. దాన్ని ‘అమరికలు’ అంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ‘సేవ్’, ‘సౌండ్’ కూడా ఉన్నట్టే ఉండనివ్వండి. కాని ఆట లోపలి లోకానికి మన దగ్గర నిండుగా మాటలున్నాయి. ‘టైల్’ను గడి అనవచ్చు, ‘యూనిట్’ను దళం అనవచ్చు. ‘ఎండ్ టర్న్’కు ‘వంతు ముగించు’ అంటే, గచ్చకాయలాడిన పిల్లలకైనా అర్థమవుతుంది. ‘రీసెర్చ్’కు పరిశోధన అని రాస్తే తప్పు లేదు గాని, విల్లంబుల కాలం నాటి ఆటలో ‘కొత్త విద్య నేర్చుకో’ అంటే ఇంకా అందంగా ఉంటుంది. ‘చేయి’ అంటారో ‘చేయండి’ అంటారో మొదటే నిర్ణయించుకుని చివరిదాకా దాన్నే పాటించండి. బటన్ మీద ఉన్నది ఆటగాడు ఆటకిచ్చే ఆజ్ఞ కనుక ‘చేయి’ చాలని నా ఉద్దేశం. ఆట ఆటగాడితో మాట్లాడే చోట మాత్రం ‘మీరు’, ‘చేయండి’ ఉండాలి.

అక్షరాలు తెగడానికి రెండు కారణాలుంటాయి. మొదటిది ఎత్తు. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచిన బటన్‌లో మన గుడులకు పైన, వొత్తులకు కింద చోటుండదు. ‘స్ట్రాటజీ’ అన్న మాటలో మొదటి అక్షరానికే రెండు వొత్తులున్నాయి. వరుసల మధ్య ఖాళీ పెంచమని తయారీదారులను అడగండి. రెండవ కారణం లోతైనది. తెలుగు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చితే సరిపోదు, పొల్లును, తర్వాతి హల్లును కలిపి వొత్తుగా అల్లే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. ఆటలు తయారుచేయడానికి వాడే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, తెర మీద అక్షరాలు చూపడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్‌ప్రో ఈ అల్లికను తనంతట తాను చేయదు. అందుకే కొన్ని ఆటల్లో ‘రాజ్యం’ అన్న మాట ‘రాజ్‌యం’గా కనిపిస్తుంది. యూనిటీ లాంటిదే అయిన, 2023లో వచ్చిన గోడాట్ 4లో హార్ఫ్‌బజ్ అనే అక్షరాల అల్లిక యంత్రం ఉంది కనుక నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ జతచేస్తే సరిగ్గా వస్తుంది. మీ ఆట దేనితో తయారైందో కనుక్కోండి, ఎందుకంటే ఈ లోపాన్ని అనువాదంతో సరిదిద్దలేము.

వాక్యాలు వింతగా రావడానికి కారణం మన వ్యాకరణం. ఇంగ్లీషులో ‘నిర్మించు’ అన్న మాట పక్కన ఏ పేరు తగిలించినా వాక్యమవుతుంది, అందుకని ఆట రాసినవారు రెండు ముక్కలను అతికించి వదిలేస్తారు. తెలుగులో విభక్తి చేరితే పేరే మారిపోతుంది. గుర్రం అన్న మాటకు ‘ను’ అతికిస్తే ‘గుర్రంను’ అని వస్తుంది, మనకు కావలసింది ‘గుర్రాన్ని’. ఊరు ‘ఊరిపై’ అవుతుంది, ఇల్లు ‘ఇంటికి’ అవుతుంది. ప్రతి పేరుకూ మారిన రూపాన్ని కూడా విడిగా నమోదు చేసే వీలుంటే అలా చేయండి. వీలు లేకపోతే విభక్తి అవసరం లేకుండా ‘నిర్మాణం: చెరువు’, ‘దాడి: ఉత్తర కోట’ అని రాయండి.

ఇలా రాయడంలో మరో లాభం ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. చోటు చాలక బటన్ చివరి భాగాన్ని చుక్కలతో కత్తిరించినప్పుడు, ఇంగ్లీషులో ‘అటాక్’ అన్న మాట మిగిలి కోట పేరు పోతుంది. మనకు ‘ఉత్తర కోటపై…’ మిగిలి, దాడి చేయాలో సంధి చేసుకోవాలో చెప్పే మాట పోతుంది. పనిని ముందు, పేరును వెనక పెడితే ఎంత కత్తిరించినా అసలు సంగతి మిగులుతుంది.

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు): మా పాఠశాలలో మధ్యాహ్నం వేళ పిల్లల చేత ఒక వ్యూహాత్మక ఆట ఆడిస్తున్నాను. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు తన రాజ్యాన్నీ శత్రు రాజ్యాన్నీ మాటిమాటికీ పొరబడుతున్నాడు. ఎరుపు, ఆకుపచ్చ తనకు ఒకేలా ఉన్నాయంటున్నాడు. తోటివాళ్లు నవ్వుతున్నారు. ఏం చేయగలను?

జవాబు: ఆ అబ్బాయి చెబుతున్నది అక్షరాలా నిజమై ఉండవచ్చు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియని లోపం పుట్టుకతో వస్తుంది. ఆడవారిలో ఇది అరుదు, మగవారిలో అంత అరుదు కాదు. ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 12 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. ముందు అతని తల్లిదండ్రులతో మాట్లాడి కంటి వైద్యుడికి చూపించమనండి. ఆటకు సంబంధించి, సెట్టింగ్స్‌లో రంగులు గుర్తించలేనివారి కోసం ప్రత్యేక రంగుల ఎంపిక ఉందేమో చూడండి. లేకపోతే అతనికి నీలం, అతని ప్రత్యర్థికి పసుపు ఇప్పించండి. ఈ జంట ఎక్కువమందికి స్పష్టంగా కనిపిస్తుంది.

ఆటలు తయారుచేసేవారికి ఈ ఉత్తరం ద్వారా ఒక మాట. రంగుతో చెప్పిన ప్రతి సంగతినీ ఆకారంతో గాని, గీతల అల్లికతో గాని, అక్షరంతో గాని మరోసారి చెప్పండి. 2012లో వచ్చిన ఎక్స్‌కామ్‌లో సైనికుడికి ఎంత రక్షణ ఉందో సగం డాలు, నిండు డాలు బొమ్మలతో చూపించారు, అక్కడ రంగు తెలియకపోయినా నష్టం లేదు. అక్షరాల పరిమాణం కూడా అంతే ముఖ్యం. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ మార్గదర్శకాల్లో 1080 వరుసల తెర మీద కంప్యూటర్‌కైతే కనీసం 18 పిక్సెళ్లు, టీవీకి కలిపే యంత్రానికైతే కనీసం 26 పిక్సెళ్లు ఉండాలంటుంది. తెలుగుకు ఇంకొంచెం పెంచడం మేలు. రంగులు, అక్షరాల పరిమాణం అనే ఈ రెండు ఎంపికలూ సెట్టింగ్స్ లోతుల్లో కాకుండా, ఆట మొదటిసారి తెరిచినప్పుడే కనిపించాలి. సెట్టింగ్స్ దాకా వెళ్లాలంటే ముందు ఆ చిన్న అక్షరాలనే చదవాలి కదా.

మీ తరగతిలో ఏ ఆట పెట్టినా, ముందు దాని మ్యాపును ఫోన్‌తో ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఏ రాజ్యం ఎవరిదో అప్పుడు కూడా చెప్పగలిగితే ఆ ఆట పెట్టండి. నవ్వుతున్న పిల్లలకు కూడా అదే ఫొటో చూపించి, ఎవరి రాజ్యం ఏదో చెప్పమని అడగండి.